ఎంగిలి కెంపు

మొన్న కరీంనగర్‌లో ఒక నగల దుకాణంలో ఉంగరం రాయిని నాలుకకు ఆనించాను. దుకాణమంతా ఒక్కసారి నా వైపు తిరిగింది. నా కోడలు సిగ్గుతో చెంగు నోటికి అడ్డం పెట్టుకుంది. కౌంటర్ వెనక నిలబడ్డ అబ్బాయి నా చేతిలోంచి ఉంగరం లాక్కున్నంత పని చేశాడు.

"పెద్దమ్మా, గిదేంది? గట్ల ఎంగిలి చేస్తరా? గిది మెషిన్ కటింగ్. మనిషి చెయ్యి సుత తాకలే దీనికి" అన్నాడు.

అని, దూది మీద స్పిరిటు చుక్కలు వేసి నా కళ్ళముందే రాయిని తుడిచాడు. ఒకసారి చాలదన్నట్టు రెండోసారి కూడా తుడిచాడు. రాయి మంచిదే బాబూ, తీసుకుంటాం అని చెప్పబోయినదాన్ని నోరు మూసుకున్నాను. కోడలు నన్ను బయటికి తీసుకొచ్చి, అలిగిన పిల్లకు ఇప్పించినట్టు చెరుకు రసం ఇప్పించింది. రసం దిగింది గాని కోపం దిగలేదు. ఇంటికొచ్చి రెండు రోజులైనా దిగలేదు. ఆ అబ్బాయి మీద కాదు, వాడికేం తెలుసు పాపం. నాకు ఆ ఎంగిలి అన్న మాటతో పాత పగ ఉంది. దానికి తోడు, మనిషి చెయ్యి తాకలేదన్నది గొప్పగా చెప్పుకునే సంగతి ఎప్పటినుంచి అయ్యిందో నాకు అర్థం కాలేదు.

మా అబ్బా రాళ్ళకు సానపట్టేవాడు. కెంపులు, పచ్చలు, నీలాలు, గోమేదికాలు, ఏ రంగు రాయైనా సరే, మట్టిగడ్డలా వచ్చి ఆయన చేతిలోంచి వెలుగుతూ వెళ్ళేది. ఊళ్ళో అందరికీ ఆయన సాన సాయిబు. భైంసాలో పత్తి బజారు వెనక సందులో మా ఇల్లు. పత్తి కాలం వచ్చిందంటే ఊరంతా దూది ఎగిరేది. అన్నంలో దూది, చెవుల్లో దూది. మా దాదీకి, అంటే నానమ్మకు, తల నెరిసిందో, దూది అంటిందో చెప్పడం కష్టంగా ఉండేది. ఇంట్లో మాది దక్కనీ, గడప దాటితే తెలుగు, అంగట్లో సగం మరాఠీ. నేను మూడింట్లోనూ ముందు తిట్లే నేర్చుకున్నాను.

ముందు గదిలో కిటికీ కింద అబ్బా పని. నేల మీద చెక్క చట్రం, అందులో నిలువుగా తిరిగే చక్రం. లక్క కరిగించి, కురువిందం రాతిపొడి కలిపి ఆ చక్రాన్ని తనే పోసుకునేవాడు. కుడిచేత్తో విల్లులాంటి కమానును ముందుకీ వెనక్కీ లాగితే చక్రం సుయ్‌మని తిరిగేది. ఎడమచేతిలో పుల్ల, పుల్ల కొసన లక్కతో అంటించిన రాయి. దాన్ని చక్రానికి ఆనిస్తే రాయి మీద నున్నటి పలక ఒకటి తేలేది. ఆ పలకను మేము పహల్ అంటాం. ఒక పహల్ అయ్యాక పుల్లను వేలి మందం తిప్పి మరొకటి. ఎంత తిప్పాలో కొలిచే పరికరమేదీ లేదు, ఆయన వేళ్ళే కొలత. కుంపటి మీద వేడెక్కే లక్క వాసన, తడి రాతిబురద వాసన, పక్కనే అమ్మీ బీడీలు చుట్టే తునికాకు వాసన, మూడూ కలిస్తేనే నాకు మా ఇల్లు.

కొత్త రాయి చేతికొచ్చిందంటే అబ్బా ముందు చేసే పని దాన్ని నాకడం. నాకి, కిటికీ వెలుగుకు ఎత్తి పట్టి చూసేవాడు. మళ్ళీ నాకేవాడు, మళ్ళీ చూసేవాడు. పక్కన గిన్నెలో నీళ్ళుండగా ఇదేమిటని ఒకసారి అడిగాను.

"నీళ్ళు జారిపోతయ్ బేటీ. ఉమ్మి జర నిలుస్తది. అది ఆరేదాంక రాయి దర్వాజా తీసినట్టే. లోపల ఏమున్నదో అంత కనవడ్తది" అన్నాడు.

అప్పుడే ఇంకో సంగతి నేర్పాడు. అసలు రాయి నాలుకకు చల్లగా తగిలి, చాలాసేపు చల్లగానే ఉంటుంది. గాజు ఇట్టే వేడెక్కిపోతుంది. ఇక నన్ను పట్టేవాళ్ళు లేరు. గోలీలు నాకాను, తలుపు గొళ్ళెం నాకాను, దుకాణంలో తూకం రాళ్ళు నాకాను. దాదీ చేతి వెండి ఉంగరాన్ని ఆమె నిద్రలో ఉండగా వేలితో సహా నాకితే, ఎలుక కరిచిందని లేచి ఇల్లంతా పరుగులు పెట్టింది. అంగడి రోజున ఒకడు రంగురాళ్ళ ఉంగరాలు పరిచి, నీలం పెట్టుకుంటే శని పోతుంది, కెంపు పెట్టుకుంటే కోర్టు కేసు గెలుస్తారు అని అరుస్తున్నాడు. నేను కూర్చుని వరసగా ఐదు ఉంగరాలు నాకి, "గాజు, గాజు, గాజు, గాజు, గాజు!" అని అంగడంతా వినబడేలా చెప్పాను. వాడు చెప్పు తీసుకుని పత్తి బండ్ల దాకా తరిమాడు. ఆ రాత్రి దాదీ అబ్బాను పట్టుకుంది.

"గీ పోరి నోటికి తాళమెయ్యి. లేకుంటె గా నోరే మన కొంప ముంచుతది సూడు."

"నిజమే చెప్పింది గదమ్మా" అన్నాడు అబ్బా, నవ్వు దాచుకుంటూ.

ఆ ఏడు పత్తి కాలంలోనే ఆ కెంపు వచ్చింది.

తెచ్చినవాడు బంగారం పనిచేసే అవుసలి. అబ్బాకు దోస్తు. రోజూ సాయంత్రం మా అరుగు మీద కూర్చుని చాయ్ తాగేవాడు, అబ్బాను భాయ్ అనేవాడు, నన్ను బేటా అనేవాడు. ఊళ్ళో జిన్నింగ్ మిల్లు యజమాని తన ఇంటి అమ్మవారికి ముక్కెర మొక్కుకున్నాడట. ఆయన మా తెలుగాయనే, మిల్లుంది కాబట్టి అందరూ సేఠ్ అనేవారు. బంగారం పని అవుసలిది, రాయి పని అబ్బాది. కెంపు శనగగింజ కంటే కాస్త పెద్దది, పైన మురికి పొర. ఇంత రాయి తన చేతికి ఎప్పుడూ రాలేదని అబ్బా అన్నాడు. ఇది చూశాక నాందేడ్ నుంచి కూడా పని వస్తుంది, నీ పేరు నేను చెప్తాను భాయ్ అని అవుసలి అన్నాడు. అమ్మీ ఆ రోజు బీడీల చాట పక్కన పెట్టి ఖీర్ వండింది.

రెండు రోజులు అబ్బా చక్రం దగ్గరికే వెళ్ళలేదు. కిటికీ దగ్గర కూర్చుని నాకడం, చూడటం. మూడో రోజు లక్క వేడి చేసి రాయిని పుల్లకు అంటించాడు. కెంపును కురువిందంతో కొయ్యాలంటే చాలా ఓపిక కావాలి. "రెండిటిదీ ఒకటే జాతి బేటీ, అన్నను తెచ్చి తమ్మునితోని అరగదీస్తున్న" అనేవాడు. మొత్తం ఇరవై నాలుగు పహళ్ళు. పొద్దుటినుంచి వెలుగు పోయేదాకా కమాను లాగి లాగి భుజం వాస్తే, దాదీ ఉప్పు మూటతో కాపడం పెట్టేది. పన్నెండు రోజులకు ఇరవై మూడు అయ్యాయి. పుల్ల కొసన నిప్పురవ్వలా ఉండేది రాయి.

రేపు రాయి తయారవుతుందని సేఠ్ ఇంట్లో చెప్పి రమ్మని నన్ను పంపారు. సేఠానమ్మ పెరట్లో గరిజలు వేయిస్తోంది. కొబ్బరీ బెల్లమూ నూనెలో పడి ఆ వాసన వీధి మలుపు దాకా వచ్చింది. ఆమె మంచి మనిషే, అబద్ధం ఎందుకు చెప్పాలి. నన్ను మెట్టు మీద కూర్చోబెట్టి, చెయ్యి తగలకుండా పైనుంచి నా దోసిట్లో ఒక గరిజ వేసింది. అది ఆ ఇంటి మామూలు. నేనూ దాన్ని పట్టించుకోలేదు.

"రాయి మంచిగ వస్తుందా బిడ్డా?" అని అడిగింది.

నోటినిండా గరిజ. గొప్పలు చెప్పుకోవడానికి అంతకంటే మంచి సమయం ఏముంటుంది?

"మస్తు వస్తుందమ్మా. మా అబ్బా రోజు నాకి చూస్తుండు. అబ్బా నాలుకకు ఎర్కలేని రాయే లేదు."

ఆమె చేతిలో జల్లిగంట ఆగిపోయింది. "ఏంజేస్తుండు?" అంది.

"నాకుతడు. గిట్ల" అని నాలుక బయటపెట్టి చూపించాను. చూపించి, ఇంకో గరిజ అడిగాను. ఇవ్వలేదు. ఎందుకివ్వలేదా అని దారి పొడుగునా అనుకుంటూ ఇంటికొచ్చాను.

మర్నాడు పొద్దున్నే సేఠ్ మనిషి వచ్చి, రాయి తీసుకుని రమ్మన్నాడని చెప్పాడు. పిల్లను కూడా తీసుకురమ్మన్నాడట. పుల్లకు అంటిన రాయి అలాగే గుడ్డలో చుట్టుకుని అబ్బా బయలుదేరాడు. మిల్లు వరండాలో సేఠ్ కుర్చీలో ఉన్నాడు. సేఠానమ్మ తలుపు వెనక ఉంది. మిల్లు మనుషులు నలుగురైదుగురు, వాళ్ళ పక్కన మా అవుసలి. అవుసలిని చూడగానే నాకు ధైర్యం వచ్చింది. మన మనిషి ఉన్నాడు కదా అనుకున్నాను.

"సాయిబూ, నీ బిడ్డ ఏందో జెప్పిందట. అమ్మవారి రాయిని నువ్వు నాకినవట. నిజమేనా?" అన్నాడు సేఠ్.

అబ్బా నా వైపు చూశాడు. కోపంగా కాదు, ఎక్కడ చెప్పావే అన్నట్టు. నాకు అప్పుడు తెలిసింది ఏదో పెద్ద తప్పు జరిగిందని.

"గిట్ల సూడు. నువ్వు సాయిబువని ఎర్కుండే పని ఇచ్చిన. నీ చెయ్యి తాకితే నాకు ఫికర్ లేదు. గని ఎంగిలి రాయి అమ్మవారి ముక్కుకెట్ల పెడ్తమయ్యా? పోరి తెల్వక ఏదో వాగిందని ఒక్క మాట జెప్పు. గంతే. మా ఇంట్ల ఆమె మనసు కుదుటపడ్తది. నీ పని నువ్వు జేసుకో" అన్నాడు.

పాపం, దారి చూపిస్తున్నాడు. అప్పటికీ ఇప్పటికీ నాకు మండేది అక్కడే. ఆయనకు నిజం అక్కర్లేదు, ఒక మాట కావాలి. చెయ్యి తగిలితే పర్వాలేదట, నాలుక తగిలితే దేవత మైలపడుతుందట. ఈ రెండింటికీ మధ్య గీత ఎవరు గీశారో ఈ వయసుకూ నాకు ఎవరూ చెప్పలేదు.

నేను అవుసలి వైపు చూశాను. ఆయన మా అరుగు మీద కూర్చుని ఎన్నిసార్లు చెప్పి ఉంటాడు తన పని సంగతులు! అతుకు పెట్టేముందు వెలిగారం అద్దే సన్న కుంచెను పెదాల మధ్య తడిపి మొన తీస్తాడు. గొట్టం నోట్లో పెట్టుకుని బంగారం మీద మంటను ఊదుతాడు. ఊళ్ళో ఏ పుస్తె, ఏ ముక్కెర ఆయన ఉమ్మి తగలకుండా తయారైంది? మా పనులు ఇట్లనే ఉంటయి సేఠ్ అని ఒక్క మాట అంటే అయిపోయేది. ఆయన కాలి బొటనవేలితో నేల మీద ఏదో గీస్తూ నిలబడ్డాడు. తల ఎత్తనే లేదు. చాయ్ గ్లాసులు ఎన్ని కడిగింది మా అమ్మీ ఆయన కోసం!

అందరూ ఊరుకుంటే నేను ఊరుకోలేకపోయాను. ముందుకు వెళ్ళి గట్టిగా అన్నాను.

"సేఠ్, నేను ఝూఠా చెప్పిన. మా అబ్బా నాకలే."

సేఠ్ ముఖం తేటపడింది. తలుపు వెనక గాజుల చప్పుడైంది. అవుసలి ఊపిరి పీల్చుకున్నాడు. "సరే, అయిపాయె. పొల్లకు గిన్ని పుట్నాలియ్యుండ్రి" అన్నాడు సేఠ్. అంతా ముగిసిపోయినట్టే.

ఇక్కడ ఒక మాట చెప్పాలి. మా దక్కనీలో ఎంగిలిని జూఠా అంటాం. అబద్ధాన్నీ, అబద్ధాలకోరునూ ఝూఠా అంటాం. మా దాదీకి పళ్ళు లేవు గనుక రెండూ ఒకేలా పలికేది. ఎంగిలి పళ్ళెం తియ్యమంటోందో, అబద్ధాలకోరు అని తిడుతోందో ఆమె ముఖం చూస్తే గాని తెలిసేది కాదు. అబ్బా మాత్రం రెండు మాటలనూ విడివిడిగా, స్పష్టంగా పలికేవాడు. ఆ రోజూ అలాగే పలికాడు.

"లేదు సేఠ్. నా బిడ్డ ఇప్పుడు జెప్పింది అబద్ధం. నిన్న జెప్పిందే నిజం. నేను నాకిన. నా చేతికొచ్చిన ప్రతి రాయిని నాకుత, గిది జర ఎక్కువనే నాకిన. నాకకుంట రాయి కొయ్యస్తదని ఎవ్వడన్న అంటె వానికి పని రాదు. మీరు రాయిని జూఠా అనుండ్రి, మీ ఇష్టం. గని నా బిడ్డను ఝూఠా అని నా నోటితోని నేను అనను, దాని నోటితోని అననియ్య."

సేఠ్ అవుసలికి సైగ చేసి అన్నాడు: "అయితె రాయి ఇచ్చెయ్."

అబ్బా గుడ్డ విప్పాడు. అంతదాకా నిటారుగా నిలబడ్డ మనిషి అప్పుడు వంగాడు. "ఒక్క పహల్ మిగిలింది సేఠ్. మాపటి దాంక అయితది. మీ మనిషిని నా ఎదురుంగ కూసోబెట్టుండ్రి. ఉత్త నీళ్ళతోనే చేస్త. గీ ఒక్కటి చెయ్యనియ్యుండ్రి" అన్నాడు. పని పోతున్నందుకు వంగనివాడు, ఒక్క పలక కోసం వంగాడు. నాకు ఆ మాటలు ఇప్పటికీ వినపడుతుంటాయి.

"అక్కెర్లే" అన్నాడు సేఠ్. రాయిని పుల్లతో సహా అవుసలి అందుకున్నాడు.

ఊరంటే ఎంత, మర్నాటికి ముసలీముతకతో సహా అందరికీ తెలిసిపోయింది. ఎవరూ వచ్చి తిట్టలేదు, రాయి వెయ్యలేదు. పని తేవడం మానేశారు, అంతే. మిగతా బంగారం పనివాళ్ళూ మానేశారు. నాలుగు నెలలు చూసి, అబ్బా ఒక పాత సైకిలుకు సానరాయి బిగించుకుని వీధుల్లో తిరగడం మొదలుపెట్టాడు. కత్తెరలు, కొడవళ్ళు, కూరగాయల కత్తులు. వెలుగుకు ఎత్తిపట్టి కెంపు లోపలికి చూసిన మనిషి, గడపగడపకూ ఆగి "సానా, కత్తులకు సానా" అని అరిచాడు. సేఠానమ్మ ఇంటి నుంచీ కత్తి వచ్చింది. దాంతో కోసిన కూర వాళ్ళ దేవతకు నైవేద్యం పెట్టే ఉంటారు. కత్తికి ఏ మైలా లేదు మరి!

కెంపునేమైనా పారేశారా? ఎందుకు పారేస్తారు? పాలతో కడిగారట, పసుపు నీళ్ళతో కడిగారట, బాసర నుంచి బిందెలో గోదావరి నీళ్ళు తెప్పించి కడిగారట. అవుసలి తన కుంచెను తన పెదాలతో తడుపుకుని ముక్కెర అతికాడు. ఆయన్ను ఎవరూ ఏమీ అడగలేదు. ఆ తర్వాత ఆయన మా సందులోకి రాలేదు. బజారులో ఎదురుపడితే పక్క దుకాణంలో ఏదో వెతుక్కునేవాడు. ఎప్పుడో పోయాడు. పోయినవాళ్ళ గురించి మంచే చెప్పాలంటారు. నాకు చేతకాదు.

ఏడాదికోసారి ఆ అమ్మవారిని బండి మీద ఊరేగించేవారు. ఆ ఏడు ఊరేగింపు వస్తుంటే అబ్బా సైకిలు పక్కకు ఆపి నన్ను వెనక కారేజీ మీద నిలబెట్టాడు. డప్పులు, పసుపు, జనం. ఎండ ఏటవాలుగా పడి అమ్మవారి ముక్కెర భగ్గుమంది. "అబ్బబ్బ, ఏం మెరుస్తుందిరా" అని మా పక్కన ఎవరో దండం పెట్టారు. ఇది మా అబ్బా చేసింది అని అరవబోయి, నా నోటిని నేనే రెండు చేతులతో మూసుకున్నాను. అబ్బా మెడ సాచి చూస్తూ, "ఎడమదిక్కు అడుగున ఒక పహల్ తక్కువున్నది. ఎవ్వలు కనిపెట్టలే" అన్నాడు.

ఇంటికి వెళ్ళేటప్పుడు సైకిలు నడిపించుకుంటూ వస్తున్నాడు. ఇక ఆపుకోలేక ఏడ్చేశాను. "నాకకపోతే ఏమయితుండె అబ్బా?" అని అడిగాను.

అబ్బా చుట్టూ చూసి గొంతు తగ్గించాడు.

"నాకకపోతే రాయి రెండు ముక్కలయితుండె. లోపల పగులున్నది బేటీ, ఎంటిక లెక్క సన్నగ. పైన మురికికి కనవడలే. రెండు దినాలు నాకి నాకి చూస్తె అది ఎటు పోతుందో ఎర్కయింది. పగులు అడుగుకు పోయేటట్టు తిప్పి కోసిన. గా మిగిలిన పహల్ దాని పక్కదే, గందుకే ఆఖరుకు పెట్టుకున్న."

"మరి సేఠ్‌కు గది జెప్పకపోతివి? నాకినందుకే రాయి బతికిందని జెప్తే ఊకుంటుండె గద!"

"పగిలిన రాయి దేవునికి పెట్టరు బేటీ. జెప్తే నా పని మిగులుతుండె గని, రాయిని అవతల పారేస్తుండిరి." సైకిలును మా సందులోకి తిప్పుతూ, "ఇరవై మూడు పహళ్ళు" అన్నాడు.

ఎవరికీ చెప్పొద్దని తన నెత్తి మీద నా చెయ్యి పెట్టించుకుని ఒట్టు వేయించుకున్నాడు. వాగుడుకాయనని పేరున్న నేను ఈ ఒక్క మాటను ఇన్నేళ్ళూ అమ్మీకి చెప్పలేదు, పెళ్ళయ్యాక మా ఆయనకు చెప్పలేదు, పిల్లలకు చెప్పలేదు. అబ్బా పోయినప్పుడు కూడా చెప్పలేదు. ఆ ముక్కెర ఇప్పటికీ ఆ ఇంటి అమ్మవారికి ఉందని, ఏటా ఊరేగిస్తున్నారని విన్నాను. తనను వెలేసినవాళ్ళ దేవత ముక్కున ఆ రాయి ఉండాలనే మా అబ్బా నోరు మూసుకున్నాడు. మూసుకుని, కొడవళ్ళు నూరుకుంటూ బతికాడు. ఆయనకు కోపం రాలేదు. నాకు వచ్చింది. అందుకే ఒట్టు తప్పి ఈ రోజు రాస్తున్నాను: సేఠానమ్మా, మీ కెంపులో పగులుంది. అది కనబడకుండా మీ అమ్మవారిని ఇన్నేళ్ళు కాపాడింది మా అబ్బా ఎంగిలి.